బొగ్గులో మిగిలిన బ్యారన్

(ఒంగోలులో ఒక బొగ్గుబొమ్మల ప్రదర్శన మొదటి రోజున, ఆ బొమ్మలు గీసినామె మేనకోడలు చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం.

ఈ గోడల మీద ఉన్న 37 బొమ్మల్లో ఒక్కదానికీ పేరు లేదు, సంతకం లేదు. వీటిని గీసింది మా మేనత్త. ఆమె ఉన్నన్నాళ్లూ ఎవరికీ చూపించలేదు. ట్రంకుపెట్టెలో పాత చీరల మడతల మధ్య దాచుకుంది. ఆమె పోయాక పెట్టె తెరిస్తే చీరలన్నిటికీ బొగ్గు మరకలు. మా వదిన ముందు చీరల గురించే బాధపడింది, తర్వాత ఒక్కొక్క కాగితం బయటికి తీస్తూ మాట్లాడడం మానేసింది. అందులో ఒక నేతచీరని అదిగో ఆ బల్ల మీద పరిచాం. దాని మీద ఒక ఎర్రటి పెళ్ల కూడా ఉంది. దాని సంగతి తర్వాత చెబుతాను.

37 బొమ్మల్లోనూ ఉన్నది ఒకటే కట్టడం. మా ఇంటి బ్యారన్.

ఈ హాల్లో చదువుకునే పిల్లలు చాలామంది కనిపిస్తున్నారు, వాళ్ల కోసం కొంచెం వివరంగా చెబుతాను. ఇంగ్లీషు డిక్షనరీలో 'బార్న్' అనే ఈ మాటకు ధాన్యం, గడ్డి, గొడ్లు ఉంచే పెద్ద కొట్టం అని అర్థం ఉంటుంది. మనకు గొడ్లుండేది కొట్టం, గడ్డి వేసేది వామి, ధాన్యం పోసేది గాదె. మన వైపు బ్యారన్ అంటే ఒక్కటే అర్థం: పొగాకు పచ్చాకును వేడితో పండించి ఎండబెట్టే ఇల్లు. కొండపి, టంగుటూరు, కందుకూరు, పొదిలి వైపు బస్సులో పోతుంటే పొలాల మధ్య గాలి కిటికీలు తప్ప వేరే కిటికీలు లేని ఎత్తైన గదులు కనిపిస్తాయే, అవే.

మనకు అంతకుముందు నాటు పొగాకు ఉండేది. దాన్ని ఎండకు ఆరేసుకుంటే సరిపోయేది. వర్జీనియా పొగాకు 1920ల్లో గుంటూరు వైపు నల్లరేగళ్లలో మొదలై, మెల్లగా దక్షిణానికి దిగి మన తేలిక నేలల్లో కుదురుకుంది. దీనికి ఎండ పనికిరాదు. మూసిన గదిలో కొలిచి వేడి పెట్టాలి. చిత్రమేమిటంటే, పొగాకుకు పొగ తగలకూడదు. తగిలితే వాసన పట్టి ధర పడిపోతుంది. అందుకని పొయ్యి నోరు బయటికి ఉంటుంది. మంట వేడి రేకు గొట్టాల్లోకి పోయి, గదిలో నేలకు కాస్త పైన చుట్టూ తిరిగి, పొగ మాత్రం పొగగూడు గుండా పైకి వెళ్లిపోతుంది. పైన వేలాడే ఆకుకు అందేది వట్టి వేడి.

మా తాత బ్యారన్ కట్టించింది 1966లో. ఊరు కందుకూరుకు దగ్గర. అప్పుడు కందుకూరు తాలూకా నెల్లూరు జిల్లాలో ఉండేది. 1970 ఫిబ్రవరిలో ఒంగోలు కేంద్రంగా కొత్త జిల్లా ఏర్పడింది, మేం అందులోకి వచ్చాం. 1972లో దానికి టంగుటూరి ప్రకాశం పంతులు గారి పేరు పెట్టారు. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడగొట్టినప్పుడు కందుకూరు మళ్లీ నెల్లూరు జిల్లాలో కలిసింది. 2023 డిసెంబర్‌లో బ్యారన్ కూలిపోయింది. నెల్లూరు జిల్లాలో పుట్టి, ప్రకాశం జిల్లాలో బతికి, నెల్లూరు జిల్లాలో పోయింది. ఉన్నచోటు నుంచి ఒక్క అడుగు కదల్లేదు.

కొలత 16 అడుగులకు 16 అడుగులు. ఇటుక కొనే స్తోమత లేక మట్టిగోడలే పెట్టించాడు తాత. చెరువు మట్టిలో తరిగిన వరిగడ్డి కలిపి, నీళ్లు పోసి కాళ్లతో తొక్కి, ముద్దలు చేసి ఒక వరుస పెట్టేవాళ్లు. అది ఆరితేనే దాని మీద ఇంకో వరుస. గోడ లేవడానికి ఎండాకాలమంతా పట్టిందట. మూరెడు మందం. పైన ఇనుప రేకులు. ఆ మట్టిగోడ వేడిని బాగా పట్టి ఉంచేదని, ఇటుక బ్యారన్ల కంటే మాకు కట్టె తక్కువ పట్టేదని మా నాయన గర్వంగా చెప్పేవాడు. తక్కువంటే ఎంత? మా లెక్కలో కిలో ఎండాకుకు నాలుగు కిలోల కట్టె. ఎండాకు కిలో రావాలంటే పచ్చాకు ఆరేడు కిలోలు. ఒక్క సీజనుకు మా పొయ్యి తిన్న చిల్లచెట్లు, సరుగుడు తలుచుకుంటే ఇప్పుడు నాకు దిగులేస్తుంది.

జనవరిలో రెలుపులు, అంటే ఆకు కోతలు, మొదలు. మొక్కకు కింది ఆకులు ముందు పక్వానికి వస్తాయి, వారానికోసారి రెండు మూడు ఆకుల చొప్పున కింది నుంచి పైకి రెలుచుకుంటూ పోతారు. పొద్దున్నే రెలిచిన ఆకు మధ్యాహ్నానికి బ్యారన్ దగ్గరికి చేరుతుంది. అక్కడ ఆడవాళ్లు వరసగా కూర్చుని కర్రలకు అల్లుతారు. రెండు మూడు ఆకులు కలిపి కర్రకు ఇటొకటి, అటొకటి, దారంతో మెలిక. ఆ జిగురు చేతులకు పట్టుకుంటే నల్లగా తారులాగా అయిపోతుంది. సబ్బుకు పోదు. మా అమ్మ సీజనంతా చేత్తో అన్నం తినలేక చెంచా వాడేది. నాకు ఊహ తెలిసినప్పటి నుంచి అమ్మ చేతులంటే నల్లటి చేతులే. కర్రలు నిండాక మగవాళ్లు లోపల వాసాల మీద కాళ్లు ఎడంగా పెట్టి నిలబడి, కింది నుంచి పైకి అందించుకుంటూ అరల్లో పేరుస్తారు.

తలుపు మూసి పొయ్యి ముట్టిస్తే ఇక ఐదారు రోజులు ఇంట్లో ఎవరో ఒకరికి నిద్ర లేనట్టే. మొదటి రెండు రోజులు వేడి 100 డిగ్రీల లోపే ఉండాలి, ఫారన్‌హీటులో, బ్యారన్ దగ్గర అదే లెక్క. గాలి కిటికీలు మూసి, నేల తడిపి, ఆకును మెల్లగా పసుపుకు తిప్పాలి. తిరిగిందనగానే కిటికీలు తెరిచి తేమ బయటికి పంపాలి. తొందరపడితే పచ్చదనం అలాగే ఉండిపోతుంది, ఆలస్యం చేస్తే నల్లబడుతుంది. చివర్లో ఈనె విరిగేదాకా ఎండడానికి 160 డిగ్రీల దాకా పెంచాలి. ఆ తర్వాత మంట ఆపి, తలుపులు తెరిచి, రాత్రి చల్లగాలికి ఆకు మెత్తబడ్డాక దించుతారు. లేకపోతే చేతిలో పొడైపోతుంది.

ఈ ఐదు రాత్రులే మా అత్తవి.

ఆమె మా ఇంట్లోనే ఉండేది. ఎందుకుందో చెప్పడం నా పని కాదు, ఆమెకూ ఇష్టం ఉండేది కాదు. తాతకు ఆయాసం, నాయనకు పగలంతా పొలం. అందుకని రాత్రి పొయ్యి ఆమెకు వచ్చింది, పాతికేళ్లు ఆమె దగ్గరే ఉంది. గాజుపలక వెనక థర్మామీటరు ఉండేది కానీ ఆమె దాన్ని నమ్మేది కాదు. తలుపు సందులో ముక్కు పెట్టి వాసన చూసేది. పచ్చి వాసన పోయి, తేనె కలిపినట్టు తియ్యటి వాసన మొదలవగానే నన్ను లేపేది. 'లెయ్ మే, పైకిటికీ తియ్యాల' అని. నాకు అప్పుడు పదేళ్లు. ఆ వాసన మాత్రం ఈ బొమ్మల్లో లేదు. ఇన్ని గీసిన మనిషి దాన్ని నాకు ఇచ్చి పోలేకపోయింది.

హైస్కూల్లో ఆమె డ్రాయింగ్ లోయర్ పరీక్ష పాసైంది. అంతే చదువు. రంగులు కొనిచ్చేవాళ్లు లేరు. పొయ్యిలో సగం కాలిన పుల్లను లాగి, మీద మట్టి కప్పి గాలాడకుండా ఆర్పితే మంచి బొగ్గు మిగులుతుంది. కందికంప బొగ్గు మెత్తన, నీడలకు. చిల్లకొమ్మ బొగ్గు గట్టిది, గీతలకు. కాగితం పాత క్యాలెండర్ల వెనకవైపు. బొగ్గు రాలిపోకుండా వెన్న తీసిన పాలలో నీళ్లు కలిపి నోటితో సన్నగా చిలకరించేది. ఇది ఆమెకు ఎవరు నేర్పారో తెలియదు, పాతకాలం చిత్రకారులు కూడా పాలను ఇలా వాడారని తర్వాత చదివినప్పుడు నాకు ఒళ్లు జలదరించింది.

క్యాలెండర్ వల్ల ఇంకో మేలు జరిగింది. తిప్పి చూస్తే నెల, సంవత్సరం ఉంటాయి. తలుపు దగ్గరున్న మొదటి బొమ్మ వెనక 1983 ఫిబ్రవరి. ఎన్టీ రామారావు గారు ముఖ్యమంత్రిగా ప్రమాణం చేసి నెల తిరిగిన రోజులు, బ్యారన్ల దగ్గర రాత్రిపూట ఆ మాటలు తప్ప వేరే మాట ఉండేది కాదు. బొమ్మలో అదేమీ లేదు. పొయ్యి నోరు, ఎదురుగా నులకమంచం, మంచం కింద కుక్క. కాగితం మొత్తం నల్లగా రుద్ది, మంట ఉన్నచోట మాత్రం ముట్టుకోకుండా వదిలేసింది. ఆ వెలుతురంతా ఖాళీ కాగితం. దగ్గరికి పోయి చూడండి, మంచం కోడు అంచున వెంట్రుక మందం తెల్ల గీత ఉంటుంది. ఆ గీత దగ్గర చెయ్యి ఎంత ఓపిగ్గా ఆగిందో.

ఎడమ గోడ మీద ఏడు బొమ్మలు అల్లేవాళ్లవి. ఒక్క ముఖం కూడా గీయలేదు. అన్నీ వెనక నుంచి, లేదా పక్క నుంచి. జడలు, జాకెట్టు మీద చెమట, చేతులు. ముఖాలు గీస్తే వాళ్లకు పని మధ్యలో ఇబ్బందిగా ఉంటుందని అనుకుందేమో. కానీ చేతులు చూడండి. మూడో బొమ్మలో ఒకామె ఎడమచేతి చూపుడువేలు దారం కోసి కోసి వంకర పోయింది. ఐదో బొమ్మలో ఒకామె గాజులన్నీ మోచేతి దాకా తోసి గుడ్డ చుట్టుకుంది.

ఇక్కడ కాసేపు ఆగుతాను. 1976లో పొగాకు బోర్డు వచ్చింది. బ్యారన్‌కు లైసెన్సు, పండించే ఆకుకు లెక్క వచ్చాయి. ఆ లైసెన్సు మొదట తాత పేరున, తర్వాత నాయన పేరున ఉంది. 1985 నుంచి మన రాష్ట్రంలో వేలం కేంద్రాలు పెట్టారు. అంతకుముందు వ్యాపారి చెప్పిందే ధర, ఇచ్చినప్పుడే డబ్బు. కాబట్టి వేలం మాకు మంచే చేసింది, అది ఒప్పుకోవాలి. వేలానికి పోయే ప్రతి బేలుకూ రైతు లెక్క ఉండేది. కానీ ఆ కాగితాలన్నిట్లో ఎక్కడా మా అత్త పేరు లేదు. మా అమ్మ పేరు లేదు. ఈ ఏడు బొమ్మల్లో ఉన్న ఒక్క ఆడమనిషి పేరూ లేదు. కూలి చీటీలు సీజను అయిపోగానే చించేసేవాళ్లు. ఆ బ్యారన్‌లో ఎవరు పనిచేశారో చెప్పడానికి ఇప్పుడు ఉన్నది ఈ చేతులే.

అలాగని బొమ్మలన్నీ ఉన్నదున్నట్టు గీసినవని అనుకోవద్దు. లోపలి అరలు ఒక బొమ్మలో ఐదున్నాయి, ఇంకోదాంట్లో ఆరున్నాయి. మా అన్న ఐదే అంటాడు. ఉత్తరం వైపున్న వేపచెట్టును ఆమె నాలుగు బొమ్మల్లో దక్షిణానికి తెచ్చేసింది. ఈ బొమ్మల ఆధారంగా బ్యారన్ ప్లాను గీయించాలని నేను ఒక ఇంజినీరింగ్ అబ్బాయిని కూర్చోబెట్టాను. రెండు రోజులు తంటాలు పడి, 'మేడమ్, ఏ బొమ్మకూ ఇంకోదాంతో కొలత కుదరడం లేదు' అన్నాడు. నేను మొదట నిరాశపడ్డాను. తర్వాత వేపచెట్టు ఉన్న ఆ నాలుగూ పక్కపక్కన పెట్టి చూశాను. చెట్టు లేకపోతే ఆ పక్క బోసిగా ఉండేది. పదో తరగతి చదివిన మనిషి, రాత్రి రెండింటికి పొయ్యి ముందు కూర్చుని, ఇక్కడ బరువు చాల్లేదని చెట్టును జరిపింది. ఆమె తనకు తాను కళాకారిణి అని ఎప్పుడూ అనుకోలేదు, నేను మాత్రం ఇవాళ ఈ మైకులో అంటున్నాను.

ఇప్పుడు కుడివైపు మూలకు రండి. నాలుగు బొమ్మలు, దాదాపు ఒకేలా ఉంటాయి. బ్యారన్ కాలిపోయిన తెల్లవారి. 1987లో. ఎండిన ఆకు ఒకటి రాలి వేడి గొట్టం మీద పడితే చాలు, చివరి రోజుల్లో గదంతా దూదిలా అంటుకుంటుంది. ఆ రాత్రి అత్తకు జ్వరం, కాపలా నాయనది. పగలంతా నీళ్లు కట్టి వచ్చిన మనిషి, కునుకు పట్టింది. 'మంట, మంట' అని పక్క పొలం వాళ్లు అరిస్తే లేచాడు. ఆకు మొత్తం పోయింది, వాసాలు పోయాయి. గోడలు నిలిచాయి. నాయన గట్టు మీద వీపు తిప్పుకుని కూర్చున్నాడు, అత్త దూరం నుంచి గీసింది. నాలుగుసార్లు గీసింది, ఒక్కోసారి ఆయన తల ఇంకొంచెం వంగింది. వీటిని నాయనకు నేను చూపించలేదు. చూపించాలా వద్దా అని ఇప్పటికీ తేల్చుకోలేదు. ఆయన ఇవాళ సభకు రాలేదు.

ఆ మంటకు లోపలి గోడ బొటనవేలు మందాన కాలి, కుమ్మరి ఆవంలో కాలిన కుండలాగా ఎర్రబడింది. కొత్త వాసాలు వేసి మరుసటేడు మళ్లీ ముట్టించారు.

తర్వాతి సంగతి తొందరగా చెబుతాను, ఇక్కడున్న చాలామంది ఇళ్లలో జరిగిందే. 2000-01లో పంట విరామం ప్రకటించినప్పుడు మా పొయ్యి కట్టాక మొదటిసారి ఏడాదంతా చల్లగా ఉంది. అందులో పిల్లి ఈనింది, ఆ బొమ్మ కూడా ఉంది, పిల్లలకు నచ్చుతుంది. 2015లో ధరలు పడిపోయి ఈ జిల్లాలో పొగాకు రైతులు ప్రాణాలు తీసుకున్నారు. ఆ ఏడు మా అన్న లైసెన్సు వదిలేశాడు. ఆ నిర్ణయం సరైందే. నా చదువు, నా ఉద్యోగం ఆ ఆకు పెట్టిన భిక్ష, ఆ ఆకు మనుషుల ఊపిరితిత్తులు తింటుంది. ఈ రెండూ నిజమే, నేను రెంటినీ మోస్తూనే ఇక్కడ నిలబడ్డాను. ఆ పంట మళ్లీ రావాలని నేను కోరుకోవడం లేదు. గది ఉండాల్సిందని మాత్రం అనుకుంటున్నాను.

అది పోవడానికి కారణం నేను. 2018లో సంక్రాంతికి ఊరికి పోయినప్పుడు, 'ఖాళీగా ఉందిగదన్నా, రేకులు అమ్మేస్తే నాలుగు డబ్బులొస్తాయి' అన్నాను. అన్న అమ్మేశాడు. మట్టిగోడకు పైకప్పే ప్రాణం. పైన తడవకుండా ఉంటే వందేళ్లు నిలబడే గోడ, కప్పు తీస్తే వానకింత కరిగిపోతుంది. ఇది తెలియని దాన్ని కాదు, మట్టింట్లో పెరిగినదాన్నే. ఆ రోజు తట్టలేదు.

అత్త ఏమీ అనలేదు. వారం తర్వాత గోడకు ఆనుకుని లోపలికి పోయి కూర్చుంది. అప్పటికి డెబ్బై దాటాయి. అదే ఆఖరి బొమ్మ, వేదిక పక్కన ఉన్నది. వెనక 2018 క్యాలెండరు. కట్టాక యాభై ఏళ్లలో ఆ గదిలోకి ఎండ పడడం అదే మొదలు. మిగతా 36 బొమ్మల్లో లోపలంతా చీకటి, ఇందులో కాగితమంతా తెలుపు, మూలల్లో రెండే రెండు నీడలు. నాకు ఇదే అన్నిటికంటే గొప్ప బొమ్మగా కనిపిస్తుంది. దీన్ని చూడడానికి కూడా నాకు కష్టంగా ఉంటుంది.

2019లో ఆమె పోయింది. 2023 డిసెంబర్ మొదటి వారంలో మిచౌంగ్ తుఫాను బాపట్ల దగ్గర తీరం దాటింది. దాటేముందు మన వైపు ఎంత వాన కురిపించిందో మీకు తెలుసు. ఆ రాత్రి తూర్పు గోడ పడింది, తెల్లారేసరికి మిగతా మూడూ. చప్పుడు కూడా పెద్దగా రాలేదన్నాడు అన్న, తడిసిన మట్టి కదా, కూర్చున్నట్టు కూలిందట. ఆ మట్టిదిబ్బకు బొమ్మ లేదు. గీసే మనిషి లేదు.

నెల తర్వాత నేను పోయి చూశాను. గోడ మట్టంతా కరిగి చేలో కలిసిపోతోంది. అందులో అక్కడక్కడ ఎర్రటి పెళ్లలు మాత్రం కరగకుండా ఉన్నాయి. 1987 మంటకు కాలిన లోపలి పొర. నాయన కునుకు తీసిన రాత్రి లేకపోతే ఆ నాలుగు గోడల నుంచి చేతికి ఏమీ దొరికేది కాదు. బల్ల మీద చీర పైన పెట్టింది అదే. పట్టుకుని చూడొచ్చు, ఏం కాదు. ఒక పక్క గడ్డిపోచల అచ్చులు కనిపిస్తాయి, తాత వాళ్లు తొక్కిన గడ్డివి.

ఒక్క పని మీతో చేయించుకోవాలి. కందుకూరు నుంచి, చుట్టుపక్కల ఊళ్ల నుంచి పెద్దవాళ్లు చాలామంది వచ్చారు. పోయిన నెల ఈ బొమ్మలను ఊళ్లో మా అరుగు మీద పరిచినప్పుడు, కర్ర సాయంతో వచ్చిన ఒక అవ్వ ఐదో బొమ్మ ముందు చాలాసేపు నిలబడింది. 'ఆ గాజులు తోసుకున్నది మా అక్క' అంది. పేరు చెప్పింది. నేను అప్పుడే ఆ బొమ్మ కింద పెన్సిల్‌తో రాశాను. ఇంకో బొమ్మలో ఇద్దరిని ఆమే గుర్తుపట్టింది. మొత్తం ఏడు బొమ్మల్లో 19 మంది ఉన్నారు. ముగ్గురికి పేర్లు దొరికాయి.

ఎడమ గోడ దగ్గర స్టూలు వేసి, పెన్సిళ్లు పెట్టాం. వెలుతురు చాలకపోతే లైటు పెట్టమని మా అన్న కొడుక్కి చెప్పండి, అక్కడే ఉంటాడు. అల్లకం చేసినవాళ్లు, చేసినవాళ్ల పిల్లలు ముందు రండి. వంకర వేలు ఎవరిదో మాకు ఇంకా తెలియదు.